పాత ట్రాక్టరునకు క్రొత్త గేరుపెట్టె: వేగము కావలెనా, అదుపు కావలెనా?

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల రైతులలో పాత ట్రాక్టర్లను బాగుచేయించి మరల పనికి దింపవలెనను కోరిక కానవచ్చుచున్నది. తండ్రులనాటి యంత్రము కొట్టములో మూలబడి త్రుప్పు పట్టుచుండగా చూడలేక కొందరును, క్రొత్తదాని వెల భరింపలేక కొందరును ఈ పనికి పూనుకొనుచున్నారు. ఈ రెండును మంచి తలంపులే. ఇంజను విప్పి, పిస్టను రింగులు మార్చి, రంగు వేయించువరకు ఎవరికిని సందేహము లేదు. గేరుపెట్టె దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము చర్చ పుట్టుచున్నది. ఎటులైనను విప్పితిమి గదా, ఉన్న నాలుగు గేర్లనే మరల బిగించుట యేల? ఎక్కువ గేర్లు గల పెట్టెను తెచ్చి యెక్కింపరాదా? అందులకు సంఘము అప్పు ఈయరాదా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను దీనిలో రైతు ధనము మాత్రమే కాక, ట్రాలీలో కూర్చుండి పనికిపోవు కూలిజనుల ప్రాణములును ఇమిడియున్నవి. కావున మా యభిప్రాయమును వివరముగా తెలుపుచున్నాము.

మా మాట ముందే చెప్పెదము. ట్రాక్టరు నెమ్మదిగా నడచుటకు వీలు కల్పించు మార్పును, అది సరియైన చోట అమర్పబడినచో, సంఘము ప్రోత్సహింపవలెను. రోడ్డుమీద వేగముగా పోవుటకై చేయు మార్పునకు సంఘము ఒక్క కాసైనను ఈయరాదు.

గేర్లు చాలవను కోరిక క్రొత్తది కాదు. అమెరికాలో 1939 లో వెలువడిన ఫోర్డు 9ఎన్ ట్రాక్టరునకు ముందుకు పోవు గేర్లు మూడే. 1947 లో వచ్చిన 8ఎన్ కు నాలుగు. అవియు చాలక అచ్చటి రైతులు షెర్మన్ అను పేరుగల చిన్న గేరుపెట్టెను అసలు పెట్టెకు ముందు అమర్చుకొనిరి. అందు వేగము పెంచునది యొకటి, తగ్గించునది యొకటి, రెండు పనులును చేయునది యొకటి దొరకెడివి. ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారు 1954 లో, నడచుచుండగానే క్లచ్చి త్రొక్కకుండ వేగము తగ్గించుకొను ఏర్పాటును తమ ఫార్మాల్ ట్రాక్టరులో తామే చేర్చిరి. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున 1946 మొదలు 1956 వరకు అయిదు లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టి.ఇ. 20 కి ముందుకు నాలుగు, వెనుకకు ఒకటి గేర్లు. మన దేశములో 1963 లో మహీంద్రా వారును, ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారును, వోల్టాస్ వారును కలిసి స్థాపించిన సంస్థ తయారుచేసిన బి-275 కు ముందుకు ఎనిమిది, వెనుకకు రెండు గేర్లు కలవు. పాత ట్రాక్టర్లన్నియు ఒక్క తీరువి కావని దీనివలన తెలియుచున్నది. బి-275 గల రైతు తన యెనిమిది గేర్లను సరిగా వాడుకొన్నచో వేరొక పెట్టెతో పనియుండదు. నాలుగు గేర్ల ట్రాక్టరు గలవాని యిబ్బంది మాత్రము నిజమైనదే.

ఆ యిబ్బంది యెట్టిదో లెక్కవేసి చూతము. ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచున్నదనుకొందము. మొదటి గేరులో ఇంజను 75 చుట్లు తిరిగినప్పుడు వెనుక చక్రము ఒక చుట్టు తిరుగుననుకొందము. అప్పుడు చక్రము నిమిషమునకు 20 చుట్లు తిరుగును. చక్రము చుట్టుకొలత 4 మీటర్లైనచో ట్రాక్టరు నిమిషమునకు 80 మీటర్లు, అనగా గంటకు 4.8 కిలోమీటర్లు నడచును. మడకకును, గుంటకకును ఈ నడక చక్కగా సరిపోవును. రొటావేటరునకు ఇది యెక్కువ. దాని కత్తుల ఇరుసు నిమిషమునకు 200 చుట్లు తిరుగుచున్నచో, ఒక్కొక్క చుట్టునకు ట్రాక్టరు 40 సెంటీమీటర్లు ముందుకు పోవుచున్నది. నంద్యాల నల్లరేగడిలో అంత పెద్ద కాటు తీసికొన్నచో మట్టి పొడికాక పెళ్ళలుగా లేచును. నడకను సగమునకు తగ్గించినచో చుట్టునకు 20 సెంటీమీటర్లే పోవును. కాటు చిన్నదై మట్టి నలుగును.

ఇంజను వేగము తగ్గించి ఈ పని సాధింపవచ్చునని కొందరనుకొందురు. ఇంజను తగ్గినచో దానితోబాటు రొటావేటరును తగ్గును. చుట్టునకు పోవు దూరము మాత్రము మారదు. మరికొందరు క్లచ్చిని సగము త్రొక్కిపట్టి నడుపుదురు. దానివలన క్లచ్చి పలక కాలిపోవుట తప్ప వేరు ఫలము లేదు. కావున నాలుగు గేర్ల ట్రాక్టరుతో రొటావేటరు పని చేయదలచిన రైతునకు ఇంకొక నెమ్మది గేరు కావలెననుట న్యాయమైన కోరికయే. శనగ విత్తునప్పుడు గొర్రు వరుస తప్పకుండుటకును, మందు సమముగా చల్లుటకును కూడ ఈ నెమ్మది నడక మేలు చేయును.

ఇచ్చట రైతులు తప్పక గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. వేగము తగ్గించు పెట్టెను ఎచ్చట అమర్చుచున్నారు? రొటావేటరును త్రిప్పు ఇరుసునకు, అనగా పి.టి.ఓ. కు, బలము ఎచ్చటనుండి పోవుచున్నదో చూడవలెను. క్రొత్త పెట్టెను ఆ చోటికి ముందే అమర్చినచో చక్రములతోబాటు పి.టి.ఓ. కూడ సగమై పోవును. ఇంజను వేగము తగ్గించినప్పుడు వచ్చిన చిక్కే మరల వచ్చును. డబ్బు పోయినది, పెళ్ళలు మిగిలినవి. పి.టి.ఓ. కు బలము పోవు చోటు దాటిన పిమ్మట, చక్రముల దారిలో అమర్చినచో మాత్రమే కోరిన ఫలము లభించును. మేస్త్రీని ఈ యొక్క ప్రశ్న అడుగుడు. తృప్తికరమైన జవాబు రానిచో పని ఒప్పజెప్పకుడు.

రెండవ హెచ్చరిక. నెమ్మది గేరు వేసినంతనే ట్రాక్టరునకు బలము రెట్టింపైనదని భ్రమపడరాదు. ఇంజను బలము పెరుగలేదు. మెలిత్రిప్పు శక్తి మాత్రము రెట్టింపై వెనుకనున్న పళ్ళచక్రములమీదను, ఇరుసులమీదను పడుచున్నది. తయారుచేసినవారు ఆ పళ్ళను, ఆ ఇరుసులను అంత బరువునకు ఉద్దేశింపలేదు. మెత్తని నేలలో చక్రము జారిపోవును గనుక అవి బ్రదుకును. చక్రములకు బరువులు కట్టి, ఎండిన రేగడిలో లోతు మడక దించి, నెమ్మది గేరులో బలవంతముగా లాగించినచో చక్రము జారదు, పన్ను విరుగును. ఇట్టి గేరు తేలికయై నిదానము కావలసిన పనులకే గాని, బరువు పనులకు కాదు. బరువు పనికి గుర్రపుశక్తి యెక్కువగల ట్రాక్టరును బాడుగకు తెచ్చుకొనుట చవుక.

ఇక వేగము పెంచు పెట్టె సంగతి. దీనిని కోరువారు చెప్పు కారణమును మేము తేలికగా త్రోసివేయుటలేదు. నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. గంటకు 18 కిలోమీటర్లు నడచు ట్రాక్టరు ఈ దూరము పోవుటకు రెండుగంటలపైన పట్టును. వేగము ఒకటిన్నర రెట్లు పెంచి 27 కిలోమీటర్లు చేసినచో గంటన్నరలో పోవును. సుమారు ముప్పావుగంట కలిసివచ్చును. పత్తి, ధాన్యము తోలి బాడుగ సంపాదించు కుటుంబమునకు ముప్పావుగంట కొంచెము కాదు.

అయినను తక్కెడలోని రెండవ ప్రక్కను చూడుడు. వేగము ఒకటిన్నర రెట్లైనప్పుడు, బ్రేకు పట్టు ఒక్క తీరుగానే యున్నచో, బండి ఆగుటకు పట్టు దూరము ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లగును. పూర్వము 10 మీటర్లలో ఆగినది ఇప్పుడు ఇరువదిరెండు మీటర్లు దాటిగాని ఆగదు. పాత ట్రాక్టరు బ్రేకులు పాత వేగమునకు చేసినవి. వెనుకనున్న ట్రాలీకి చాల చోట్ల బ్రేకులే యుండవు. నిండు ట్రాలీ వెనుకనుండి త్రోయుచుండగా ముందున్న తేలిక ట్రాక్టరు అడ్డము తిరిగి పల్టీకొట్టుటకు ఎంతోసేపు పట్టదు. ఆ ట్రాలీలో పత్తి తీయుటకు, కలుపు తీయుటకు పోవు స్త్రీలును, వారి బిడ్డలును కూర్చుండి యుందురు. సరుకుల ట్రాలీలో మనుషుల నెక్కించుటయే తగని పని. అది జరుగుచునే యున్నదని అందరికిని తెలియును. అట్టి బండికి వేగము పెంచుటకు పదుగురి సొమ్ము ఈయవచ్చునా? నంద్యాల, ఆళ్ళగడ్డల దారి నేడు 40 వ నంబరు జాతీయ రహదారి. కడప వైపు పోవు లారీలును, బస్సులును పరుగిడు ఆ దారిలో 18 కిలోమీటర్ల ట్రాక్టరు 27 అయినంతమాత్రమున వానితో సమానము కాజాలదు. ఆ దారిలో దానికి కావలసినది వెనుక ఎఱ్ఱదీపము, మెఱయు పట్టీలు, రెండు బ్రేకు పెడళ్ళను ఒకటిగా కలుపు కొక్కెము. వీనికి అప్పు ఈయుటకు సంఘము వెనుదీయరాదు.

అదనపు పెట్టెలలో వేరొక అపాయమును కలదు. పైన చెప్పిన ఫార్మాల్ ఏర్పాటు బుద్ధిమంతులు చేసినదే. అయినను తొలినాటి వానిలో నెమ్మది గేరునందున్నప్పుడు, పల్లములో చక్రములు ముందుకు పరుగిడినచో ఇంజను వానిని పట్టి ఆపజాలదు. బండి స్వేచ్ఛగా జారును. ఆ సంగతి తెలియనివాడు నిండు ట్రాలీతో నల్లమల కనుమలో గిద్దలూరు దారి దిగుచున్నచో ఏమగునో ఊహించుకొనవచ్చును. గొప్ప కర్మాగారమున పుట్టిన ఏర్పాటునందే ఇంత తెలిసికొనవలసియుండగా, ఊరి కొలిమిలో అతికిన పెట్టెనుగూర్చి ఎంత జాగ్రత్తపడవలెను?

ఫెర్గూసన్ వంటి ట్రాక్టర్లకు వేరుగా చట్రము లేదు. ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసుపెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగింపబడి అవియే బండికి వెన్నెముకయై యున్నవి. గేరుపెట్టె గోడను కోసి వేరొక పెట్టెను అతికించుట యనగా వెన్నెముకను కోయుటయే. పోతయినుమును అతికిన చోట మరల పగులు పుట్టుట సులభము. అదియుగాక ఫెర్గూసన్ టి.ఇ. 20 లో ఒక చక్కని కట్టుదిట్టము కలదు. గేరుకొయ్యను ‘ఎస్’ అను గుర్తువైపునకు నెట్టినగాని ఇంజను మొదలుకాదు. కావున గేరులో నుండగా పొరపాటున మొదలై మనిషిపైకి నడచు ప్రమాదము లేదు. గేరుపెట్టె పై మూతను మార్చి, మొదలుపెట్టుటకు మీటను వేరొకచోట పెట్టినప్పుడు ఈ రక్షణ పోవుచున్నది. ఆ మార్పు చేసినవానికి ఆ సంగతి తోచకయే యుండవచ్చును. పసిబిడ్డలు తిరుగు ఇంటి ముంగిట నిలుచు యంత్రమునుండి ఇట్టి రక్షణను తీసివేయరాదు.

ఆళ్ళగడ్డ శిల్పులు రాతిపనికి దేశమంతట పేరుగాంచినవారు. ఉలి దెబ్బతో పోయిన రాయి మరల రాదు గనుక, వారు కొలత వేసి, గీత గీసి గాని ఉలి నెత్తరు. మన మేస్త్రీలును ఆ పద్ధతినే పాటింపవలెను. విప్పి మరల పూర్వరీతిగా బిగించుటకు వీలైన మార్పు మంచిది. కోసినగాని కుదరని మార్పు మానుకొనదగినది.

గేరుపెట్టె మార్చకయే సాధింపదగిన మేలు చాల కలదు. పాత నాలుగు గేర్ల ఫెర్గూసనులో క్లచ్చి ఒకటే. అది త్రొక్కినచో నడకయు, పి.టి.ఓ. యు, సామాను నెత్తు ఏర్పాటును ఒక్కసారిగా ఇంజనునుండి విడిపోవును. అయినను గడ్డికోయు బరువైన యంత్రము తన త్రిప్పుడుబలముతో పి.టి.ఓ. ద్వారా గేర్లను త్రిప్పుచునే యుండి, క్లచ్చి త్రొక్కినను ట్రాక్టరును ముందుకు త్రోయును. గట్టుదగ్గర ఆపబోయినవాడు బావిలో పడుటకు ఇది చాలును. దీనికి మందు ఒక చిన్న ఏకముఖ కప్లింగు. ట్రాక్టరు యంత్రమును త్రిప్పనిచ్చును గాని, యంత్రము ట్రాక్టరును త్రోయనీయదు. ఆ పాత ట్రాక్టరు పి.టి.ఓ. ఇరుసు 1 1/8 అంగుళము. నేటి సామానులకు సాధారణముగా కావలసినది 1 3/8 అంగుళము. ఈ తేడాను కూడ తీర్చునట్టి కప్లింగును ఎన్నుకొన్నచో ఒక్క ఖర్చుతో రెండు పనులగును. మేము మొదట చెప్పదగిన మార్పు ఇదియే.

నూనె విషయమును చూడవలెను. ఆ ట్రాక్టరులో గేర్లకును, వెనుక ఇరుసునకును, సామాను నెత్తు పంపునకును నూనె ఒక్కటే. గేర్లు అరచుచున్నవని మిక్కిలి చిక్కని నూనె పోసినచో పంపు మందగించును. కంచు బుష్షులున్న పాతపెట్టెలకు ఘాటైన మందులు కలిసిన నూనె హాని చేయవచ్చును గనుక, యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పిన రకమునే పోయవలెను. కె.సి. కాలువ క్రింద దమ్ము చేసిన పిదప నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గుర్తు. సీళ్ళు మార్చి నూనె మార్చవలెను. నూనె దింపునప్పుడు అడుగు మరతో ఇనుప రజను వచ్చినచో పళ్ళు అరిగినవని తెలియును. గేరు తనంతట ఊడివచ్చుచున్నచో చక్రముల పళ్ళనో, ఫోర్కునో, స్ప్రింగునో చూడవలెను. పెట్టె మార్చవలెనని తలచుటకు ముందు ఇవి యన్నియు చూడవలెను. గేర్లు చాలవను ఫిర్యాదులలో కొన్ని గేర్లు అరిగినందువలన పుట్టినవే.

ఇట్లు చెప్పినచో, తన బండి, తన ఇష్టము, సంఘమున కేమి యని ఎవరైన అడుగవచ్చును. తన సొమ్ముతో చేయువానికి మేము సలహా మాత్రమే చెప్పుదుము. సంఘపు అప్పుతో చేయునప్పుడు నష్టము పదుగురిది. తయారీదారుల యంత్రమునకు పరీక్ష కలదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రము 1919 లోనే పరీక్షింపని ట్రాక్టరును అమ్మరాదని చట్టము చేసెను. మన దేశములో మధ్యప్రదేశమునందలి బుధనీలో ఇట్టి పరీక్షాశాల యున్నది. మార్చిన బండికి ఆ పరీక్ష వర్తింపదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ విభాగము, నమోదు పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నియంత్రించుచున్నది. కావున పెద్ద మార్పునకు ముందు రవాణా శాఖవారి నడిగి తెలిసికొనుట అవసరము. అన్నిటికంటె ముఖ్యమైనది అదను. రెండు మూడు బండ్ల భాగములు కలిపి చేసిన పెట్టె శనగ విత్తు దినములలో విరిగినచో, ఏ దుకాణములోను దానికి సరియగు భాగము దొరకదు. పదును ఆరిపోయిన రేగడి ఎవరికొరకును వేచియుండదు. ఆ యేటి పంట పోయిన పిదప అప్పు వాయిదా ఎవరు కట్టుదురు?

కావున సంఘములు ఈ క్రింది నియమములను తీర్మానించుకొనవలెనని మా సూచన. మొదటిది, బ్రేకులు, స్టీరింగు, దీపములు సరిచేసి చూపినగాని గేరుపెట్టె పనికి అప్పు ఈయరాదు. రెండవది, పాతపెట్టెను దాని సొంత భాగములతో బాగుచేయుటకు మొదటి తావు ఈయవలెను. మూడవది, వేగము తగ్గించు పెట్టెకు అప్పు కోరువారు, పి.టి.ఓ. వేగము మారదని మేస్త్రీచేత వ్రాయించి తేవలెను. నాలుగవది, వేగము పెంచు పెట్టెకు అప్పు లేదు. అయిదవది, తీసిన పాత భాగములను అమ్మక, నూనె పూసి భద్రపరుపవలెను; చేసిన మార్పును కొలతలతో ఒక పుస్తకమున వ్రాసి బండితోబాటు ఉంచవలెను. రేపు కొడుకు విప్పినను, కొన్నవాడు విప్పినను లోపల నేమున్నదో తెలియవలెను.

వీనికితోడు ప్రతి సంఘము యంత్రపుపనియందు ఆసక్తిగల యువకు నొకనిని అనంతపురము జిల్లా గార్లదిన్నెలోనున్న దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థకు పంపుట మంచిది. అతడు నేర్చి వచ్చి ఊరి మేస్త్రీలతో కలిసి పనిచేసినచో, వారి చేతి నేర్పునకు లెక్క తోడగును. ఇందులకగు ఖర్చు ఒక్క గేరుపెట్టె ఖర్చుకంటె ఎక్కువ కాజాలదని మా నమ్మకము.

1906 లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము స్థాపింపబడిన నాటినుండి ఈ ప్రాంతపు రైతులు క్రొత్తదానిని చూచి, పరీక్షించి, పనికివచ్చినదానిని స్వీకరించుచు వచ్చిరి. ఈ విషయమునందును అట్లే చేయుదురని ఆశించుచున్నాము. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు సభ్యులు తమ తమ ట్రాక్టర్ల గేర్ల సంఖ్య, అవి చేయు పనులు, బ్రేకుల స్థితి వ్రాసి కార్యదర్శికి అందజేసినచో, పై నియమములను చర్చించి నిర్ణయించుటకు సులభముగా నుండును.